'సాదృశ్యం' ఎంతవరకు సదృశం? ప్రొపియోనేట్ అరుగుదలలో ఐసోమరేజ్ పాత్ర ఆధారంగా తెలుగు శాస్త్రపరిభాష విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు శాస్త్రపరిభాషపై వచ్చిన చర్చ ఎక్కువగా 'సంస్కృత పదమా, తేట తెలుగా, ఆంగ్లపదమా' అన్న ఎంపిక చుట్టూ సాగింది. ఒక పారిభాషిక పదం తాను నిలబడవలసిన శాస్త్రవాక్యంలో పనిచేస్తుందా, లేదా అన్న పరీక్ష తక్కువగా జరిగింది. బాక్టీరియా ప్రొపియోనేట్‌ను అరిగించుకునే క్రమంలో ఒక ఐసోమరేజ్ ఎంజైము నిర్వహించే పాత్రను నమూనాగా తీసుకొని 'సాదృశ్యం', 'విచ్ఛిన్నం' అనే రెండు పదాలను ఈ వ్యాసం పరీక్షిస్తుంది. అలంకారశాస్త్రం, శబ్దశక్తి చర్చ ఈ పరీక్షకు పరికరాలు. పరిభాష నిర్మాణం నామపదాల దగ్గర ఆగిపోయిందనీ, శాస్త్రం క్రియాప్రధానమైనదనీ, తెలుగు బలం క్రియాపదాల్లో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రపరిభాష, సాదృశ్యం, ఐసోమరేజ్, ప్రొపియోనేట్, మిథైల్ సిట్రేట్ వలయం, శ్లేష, రూఢి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనకు నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతో పాటు శాస్త్రగ్రంథాలను కూడా ప్రచురించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించే బాధ్యతను స్వీకరించింది. నేడు ఉత్ప్రేరకం, నిర్జలీకరణం, జీవక్రియ వంటి పదాలను మనం తడుముకోకుండా వాడగలుగుతున్నామంటే అది ఆ కృషి ఫలితమే.

అయితే 2021–22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ బోధన ఆంగ్లమాధ్యమంలోనే సాగాలని ప్రభుత్వం నిర్ణయించింది. దీనివల్ల డిగ్రీ స్థాయి తెలుగు పరిభాషకు నిత్య వినియోగ క్షేత్రం కుంచించుకుపోయింది. వాడుకలో ఉన్న పదం తన లోపాలను వాడుకలోనే దిద్దుకుంటుంది. వాడుక తగ్గిన పదం లోపాలతోనే గడ్డకడుతుంది. కాబట్టి ఉన్న పరిభాషను ఇప్పుడు విమర్శకు పెట్టడం దాన్ని తక్కువ చేయడం కాదు. ఏది నిలుపుకోవాలి, ఏది మార్చుకోవాలి అన్న లెక్క తేల్చుకోవడం.

పదాన్ని నిఘంటువులో పరీక్షించడం ఒక పద్ధతి, వాక్యంలో పరీక్షించడం మరొకటి. ఈ వ్యాసం రెండో పద్ధతిని అనుసరిస్తుంది. ఇందుకు సూక్ష్మజీవుల జీవరసాయన శాస్త్రంలోని ఒక చిన్న ఘట్టాన్ని ఎంచుకోవడమైంది. ఘట్టం చిన్నదే అయినా ఐసోమర్ అనే భావన ఇందులో జీవన్మరణ సమస్యగా కనిపిస్తుంది. అందువల్ల దాని తెలుగు పేరు ఎంత బరువు మోయగలదో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

2. విషయ స్వరూపం

ప్రొపియోనేట్ మూడు కార్బన్ల చిన్న ఆమ్లపు అయాన్. నెమరువేసే పశువుల కడుపులో మేత పులిసినప్పుడు ఇది పుష్కలంగా పుడుతుంది. బేసి సంఖ్యలో కార్బన్లు ఉన్న కొవ్వు ఆమ్లాలు, వేలీన్, ఐసోల్యూసీన్ వంటి అమైనో ఆమ్లాలు, కొలెస్టరాల్ శిథిలమైనప్పుడు కూడా ఈ మూడు కార్బన్ల ముక్కే మిగులుతుంది. చాలా బాక్టీరియాలకు ఇది ఆహారం. అదే సమయంలో కణంలో పేరుకుపోతే విషం. రొట్టెలు బూజుపట్టకుండా కాల్షియం ప్రొపియోనేట్ కలపడం వెనుక ఉన్నది ఈ గుణమే. తినకపోతే ఆకలి, తిని అరిగించుకోలేకపోతే చావు అన్న స్థితిలో బాక్టీరియా కనుగొన్న దారుల్లో ఒకటి మిథైల్ సిట్రేట్ వలయం.

ఈ వలయంలో మొదట ప్రొపియోనేట్ కోఎంజైము–ఏతో జతకూడి ప్రొపియొనైల్ కోఎంజైము–ఏ అవుతుంది. ఈ మూడు కార్బన్ల భాగం నాలుగు కార్బన్ల ఆక్సాలో అసిటేట్‌తో కలిసి ఏడు కార్బన్ల 2–మిథైల్ సిట్రేట్ ఏర్పడుతుంది. దానినుంచి ఒక నీటి అణువు తొలగితే 2–మిథైల్–సిస్–అకోనిటేట్ వస్తుంది. మళ్లీ నీరు వేరే చోట చేరితే 2–మిథైల్ ఐసోసిట్రేట్ అవుతుంది. చివరికి అది మూడు కార్బన్ల పైరువేట్‌గా, నాలుగు కార్బన్ల సక్సినేట్‌గా చీలుతుంది. సక్సినేట్ తిరిగి ఆక్సాలో అసిటేట్‌గా మారి వలయాన్ని కొనసాగిస్తుంది. పైరువేట్ కణానికి పోషకంగా దక్కుతుంది.

ఇక్కడ నీటిని తొలగించే మెట్టు కీలకం. సాల్మొనెల్లా ఎంటెరికాలో ఆ పనిని పీఆర్‌పీ–డి అనే ఎంజైము ఒక్కటే చేస్తుంది. షెవనెల్లా ఒనీడెన్సిస్, విబ్రియో కలరే వంటి బాక్టీరియాల్లో ఆ స్థానంలో రెండు ప్రోటీన్లు ఉన్నాయి. ఒకటి ఏసీఎన్–డి, రెండోది పీఆర్‌పీ–ఎఫ్.

3. పేరు ముందు, పని తరువాత

ఏసీఎన్–డి నీటిని తొలగించగలదని 2004లో గ్రైమెక్, ఎస్కలాంటె–సెమెరీనా ప్రచురించిన పరిశోధన నిరూపించింది. పరీక్షనాళికలో అది తన పని తాను చేస్తుంది. కాని జీవకణంలో పీఆర్‌పీ–ఎఫ్ తోడులేకుండా ఏసీఎన్–డి ఉన్నా బాక్టీరియా ప్రొపియోనేట్ మీద పెరగలేదు. అంటే నీటిని తీసే ఎంజైముకు తోడుగా మరొక పని జరగాలి. ఆ పని ఏమిటో అప్పటికి తేలలేదు. 'ఎఫ్' అన్న అక్షరం ఆ ప్రోటీన్ ఏం చేస్తుందో చెప్పదు, వరుసలో దాని స్థానాన్ని మాత్రమే సూచిస్తుంది.

2007లో ట్రాన్స్–అకోనిటేట్‌ను పట్టుకొని ఉన్న పీఆర్‌పీ–ఎఫ్ స్ఫటిక నిర్మాణం వెలువడింది. దాని ముడతల తీరు డయామినోపైమెలేట్ ఎపిమరేజ్ అనే మరో ఎంజైమును పోలి ఉంది. పోలిక ఒక సూచన మాత్రమే, పనికి రుజువు కాదు. 2017లో వెలువడిన పరిశోధనతో దాని పాత్ర స్పష్టపడింది. ఏసీఎన్–డి నీటిని తీశాక వచ్చే అణువులో ద్విబంధపు అమరిక తరువాతి మెట్టుకు సరిపోదు. పీఆర్‌పీ–ఎఫ్ ఆ అమరికను సరిచేసి 2–మిథైల్–సిస్–అకోనిటేట్ రూపానికి తెస్తుంది. ఒక్క పరమాణువు బయటినుంచి కలవదు, ఒక్కటీ పోదు. ఉన్నవాటి అమరిక మాత్రమే మారుతుంది. ఇటువంటి పని చేసే ఎంజైములే ఐసోమరేజ్‌లు. 1961 నాటి అంతర్జాతీయ ఎంజైము వర్గీకరణలో వీటిది ఐదో తరగతి.

అమరిక తేడా అంత ముఖ్యమా అన్న ప్రశ్న సహజం. సిట్రిక్ ఆమ్ల వలయంలోని అకోనిటేజ్ ఎంజైము సిస్–అకోనిటేట్‌ను తన దారిలో భాగంగా స్వీకరిస్తుంది. అదే పరమాణువులతో ఏర్పడిన ట్రాన్స్–అకోనిటేట్ ఆ ఎంజైమునే అడ్డగిస్తుంది. విద్యార్థులకు బాగా పరిచయమైన ఉదాహరణ ఫ్యూమరిక్, మెలియిక్ ఆమ్లాల జంట. రెండింటి అణుఫార్ములా ఒకటే. ఫ్యూమరేట్ క్రెబ్స్ వలయంలో ఒక మెట్టు, మెలియేట్‌కు ఆ వలయంలో చోటు లేదు. ఎమిల్ ఫిషర్ 1894లో ఎంజైమునూ, అది పనిచేసే పదార్థాన్నీ తాళంతో, తాళంచెవితో పోల్చాడు. రాయలసీమ మాటలో చెప్పాలంటే బీగంచెవి ఇనుము అదే కావచ్చు, బరువూ అదే కావచ్చు, పళ్లు అటువైపు ఉంటే బీగం తెరుచుకోదు.

4. అలంకారశాస్త్రం నుంచి రసాయనశాస్త్రానికి

తెలుగు రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ఐసోమర్ భావనకు స్థిరపడిన పేరు 'సాదృశ్యం' లేదా 'అణుసాదృశ్యం'. దాని భేదాలకు స్థాన సాదృశ్యం, క్షేత్ర సాదృశ్యం వంటి పేర్లు ఏర్పడ్డాయి. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ మాట కొత్తది కాదు. ఉపమాలంకారానికి ప్రాణం సాదృశ్యమే. ఉపమానోపమేయాలు రెండూ వేరు వేరు వస్తువులై ఉండాలి, వాటి మధ్య సమానధర్మం ఉండాలి. భేదం ఉండగా సాధర్మ్యం చెప్పడం ఉపమ అన్నది కావ్యప్రకాశంలో మమ్మటుని నిర్ణయం. ముఖానికీ చంద్రునికీ సాదృశ్యం చెప్పినప్పుడు రెండింటి ద్రవ్యం ఒకటని కాదు. ద్రవ్యం వేరైనా కనబడే ధర్మం ఒకటని అర్థం.

ఐసోమర్ల స్థితి దీనికి తలకిందులు. అక్కడ ద్రవ్యం ఒకటే, ధర్మాలు వేరు. ఒకే సంఖ్యలో అవే పరమాణువులు ఉన్నా కరిగే ఉష్ణోగ్రత, చర్యాశీలత, జీవకణంలో పాత్ర వేరు కావచ్చు. 1820 దశకంలో వోలర్, లీబిగ్ వేరువేరుగా పరిశీలించిన వెండి లవణాలు రెండింటి సంఘటనం ఒకటే అని తేలినప్పుడు రసాయనజ్ఞులు ఆశ్చర్యపోయింది ఇందుకే. ఒకటి సైనేట్, రెండోది పేలే ఫల్మినేట్. ఈ రకం జంటలకు 1830లో బెర్జీలియస్ పెట్టిన పేరుకు మూలం గ్రీకు. 'సమానమైన భాగాలు కలది' అని దాని అర్థం. భాగాలు సమానం అన్నాడే గాని రూపం సమానం అనలేదు.

కాబట్టి 'సాదృశ్యం' అన్న అనువాదంలో జరిగింది చిన్న జారుపాటు కాదు. ఉపమలో ఏది భేదమో అది ఇక్కడ అభేదం, ఉపమలో ఏది సామ్యమో అది ఇక్కడ భేదం. ఈ మాట వినగానే విద్యార్థి మనసులో మెదిలే అర్థం 'పోలిక'. ఆ పోలికతో పాఠంలోకి అడుగుపెట్టినవాడికి, ఒక రూపం కణాన్ని బతికిస్తుంది, మరో రూపం అడ్డుపడుతుంది అన్న విషయం పాఠానికి విరుద్ధంగా తోస్తుంది.

సాదృశ్యాన్ని కాక మరో సాహిత్య భావనను తీసుకొని ఉంటే మనకు మేలు జరిగేది. 'రసం', 'సరం' అన్న జంటను చూడండి. అక్షరాలు అవే, వరుస మారితే వస్తువు మారింది. 'ఆవులింత' అన్న మాటను ఒకటిగా చదివితే నిద్రమత్తులో నోరు తెరవడం, ఉకారసంధిగా విప్పితే ఆవులు ఇంత. సభంగ శ్లేషకు ఇదే ఆధారం. పదహారో శతాబ్దపు పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే అక్షరరాశి నుంచి రామాయణార్థాన్నీ భారతార్థాన్నీ రాబట్టాడు. ద్వ్యర్థికావ్యాన్ని చదివించిన సంప్రదాయానికి 'అవే భాగాలు, వేరే అమరిక, వేరే అర్థం' అన్న భావన పరాయిది కాదు. శ్లేషకూ ఐసోమర్‌కూ భేదం లేకపోలేదు. శ్లేషలో అక్షరాల వరుస మారదు, ఐసోమర్‌లో పరమాణువుల కూర్పే మారుతుంది. అయినా ఆలోచన నడవవలసిన దిశ ఉపమది కాదు, శ్లేషది.

5. ఇరుగుపొరుగు భాషల మార్గం

హిందీలో ఐసోమర్‌కు 'సమావయవి' అన్న పదం స్థిరపడింది. అవయవాలు, అంటే భాగాలు, సమానంగా కలది అని అర్థం. ఇది గ్రీకు మూలాన్ని యథాతథంగా అనుసరించింది. తమిళం 'మాఱ్ఱియం' అన్న పదాన్ని కల్పించుకుంది. 'మాఱ్ఱు' అంటే మార్పు, మారు. భాగాల సమానత్వాన్ని వదిలి రూపాంతరాన్ని పట్టుకుంది. తెలుగు ఈ రెండింటినీ కాదని పోలికను పట్టుకుంది. మూడు భాషలు ఒకే వస్తువును మూడు వైపుల నుంచి చూశాయి. హిందీ చూసింది 'ఏది ఒకటి' అన్నది, తమిళం చూసింది 'ఏది వేరు' అన్నది. తెలుగు చూసింది ఈ రెండూ కానిది.

ఇది సంస్కృతం వల్ల వచ్చిన చిక్కు కాదన్నది గమనార్హం. 'సమావయవి' కూడా సంస్కృత సమాసమే. పదం ఏ భాషది అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం, అది ఏ ధర్మాన్ని పట్టుకుంది అన్నదే ప్రస్తుతం. తమిళం ఇంటిపక్క భాషగా వినిపించే చిత్తూరు, నగరి, కుప్పం ప్రాంతాల అధ్యాపకులకు ఈ తులనాత్మక పరిశీలన మరింత సులభం. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి చోట ఇటువంటి పరిశోధనాంశాలకు తగిన వాతావరణం ఉంది.

6. రూఢి వాదం, దానికి సమాధానం

ఈ విమర్శకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పారిభాషిక పదానికి వ్యుత్పత్త్యర్థం ముఖ్యం కాదు, రూఢ్యర్థమే ముఖ్యం అని. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్లే సాదృశ్యమంటే పోలికే కానక్కరలేదు. ఇందుకు చక్కని నిదర్శనం మన భాషలోనే ఉంది. ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉంటుందని లవోజియే పొరపాటుగా నమ్మి ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేలాక కూడా పేరు మారలేదు. మనవారు దాన్ని 'ఆమ్లజని' అని అనువదించి ఆ పొరపాటును కూడా తెలుగు చేశారు. అయినా ఆ పదం వల్ల ఎవరూ దారి తప్పలేదు. మరి సాదృశ్యం విషయంలో మాత్రం అభ్యంతరం ఎందుకు?

సమాధానం ఇది. 'ఆమ్లజని' అన్న మాటకు వాయువు పేరుగా తప్ప భాషలో మరో వాడుక లేదు. రూఢికి పోటీ లేదు. 'సాదృశ్యం' అలా కాదు. అది పోలిక అన్న అర్థంలో నేటికీ సజీవంగా ఉంది. సాహిత్య విమర్శలోనూ, శాస్త్రరచనలోనూ ఉంది. పైన చెప్పిన పరిశోధననే తెలుగులో రాయబోయామనుకుందాం. 'పీఆర్‌పీ–ఎఫ్ నిర్మాణానికి ఎపిమరేజ్‌తో సాదృశ్యం ఉంది. పీఆర్‌పీ–ఎఫ్ మిథైల్ అకోనిటేట్ సాదృశ్యాన్ని మారుస్తుంది' అని రాయవలసి వస్తుంది. పక్కపక్క వాక్యాల్లో ఒకే పదం రెండుసార్లు వచ్చింది. మొదటిది ప్రోటీన్ల పోలిక, రెండోది ఐసోమర్ స్థితి. మొదటి సాదృశ్యం ఒక ఊహకు ఆధారం, రెండోది ప్రయోగంతో తేలిన సత్యం. ఈ రెండింటినీ వేరుచేయడమే 2007 నుంచి 2017 వరకు జరిగిన పరిశోధన సారాంశం. ఆ సారాంశాన్నే మన పదం చెరిపేస్తున్నది. పదం నిఘంటువులో నిలిచి వాక్యంలో కూలిపోవడం అంటే ఇదే.

రూఢి గొప్ప శక్తే. అయితే పక్కనే యోగార్థం నిత్యవ్యవహారంలో తిరుగుతున్నప్పుడు రూఢికి ఏకాధిపత్యం దక్కదు.

7. 'విచ్ఛిన్నం', 'అరుగుదల'

రెండో పదం 'విచ్ఛిన్నం'. కణం పదార్థాలను చిన్నవిగా మార్చుకొని శక్తిని పొందే ప్రక్రియకు తెలుగు పాఠ్యగ్రంథాలు 'విచ్ఛిన్నక్రియ' అన్న పేరు వాడుతున్నాయి. 'విచ్ఛిత్తి' అన్న సోదరపదం అణుకేంద్రకం చీలడానికి స్థిరపడింది. అదే విచ్ఛిత్తి అలంకారశాస్త్రంలో ఉక్తి చమత్కారం, నాట్యశాస్త్రంలో నాయిక అలంకరణ విశేషం. అయితే ఈ బహువ్యాప్తి ఇబ్బంది కలిగించదు, ఆ అర్థాలు శాస్త్రవాక్యంలో ఎదురుపడవు కనుక.

ఇబ్బంది వేరే చోట ఉంది. విచ్ఛిన్నం అంటే ముక్కలు చేయడం. కాని మిథైల్ సిట్రేట్ వలయంలో మొదట జరిగేది ముక్కలు చేయడం కాదు, కలపడం. మూడు కార్బన్ల ప్రొపియొనైల్ భాగాన్ని నాలుగు కార్బన్ల ఆక్సాలో అసిటేట్‌కు కూర్చి ఏడు కార్బన్ల అణువును కట్టిన తరువాతే చీల్చడం సాధ్యమవుతుంది. నేరుగా కొరకలేనిదాన్ని మరొకదానితో జతచేసి లొంగదీసుకోవడం ఈ దారిలోని నేర్పు. 'ప్రొపియోనేట్ విచ్ఛిన్నం' అన్న పదబంధం ఆ నేర్పును దాచేస్తుంది. విద్యార్థి తొలిమెట్టులోనే 'విచ్ఛిన్నమంటే పెద్ద అణువు ఎందుకు వచ్చింది?' అని తికమకపడతాడు.

తెలుగు ఇంట్లో దీనికి సిద్ధంగా ఉన్న మాట 'అరుగు'. తిన్నది అరగడం అంటే ముక్కలు కావడం మాత్రమే కాదు, ఒంటికి పట్టడం. అరగనిది విషమవుతుందన్న ఎరుక కూడా ఆ మాటలోనే ఉంది. ప్రొపియోనేట్ ఆహారమూ విషమూ కావడాన్ని 'బాక్టీరియా ప్రొపియోనేట్‌ను అరిగించుకుంటుంది' అన్న చిన్న వాక్యం ఏ వ్యాఖ్యానమూ లేకుండా చెప్పగలదు. 'అరుగుదల' అన్న నామరూపం యంత్రాలు, చెప్పులు అరగడానికీ వాడుకలో ఉన్నమాట నిజమే. ఆ అర్థం ఈ సందర్భంలోకి రాదు. అందువల్లనే ఈ వ్యాస శీర్షికలో ఆ పదాన్నే స్వీకరించడమైంది.

8. నామం, క్రియ

పై రెండు పరీక్షల నుంచి ఒక సాధారణ సూత్రం తేలుతుంది. మన పరిభాష నిర్మాణం ప్రధానంగా నామనిర్మాణం. ఆంగ్లంలోని నామపదానికి ఎదురుగా తెలుగులో నామపదాన్ని నిలపడం దాని పద్ధతి. జీవరసాయన శాస్త్రం మాత్రం ప్రధానంగా క్రియల శాస్త్రం. ఏ ఎంజైము దేన్ని పట్టుకుంటుంది, ఏం తీస్తుంది, ఎక్కడ అతికిస్తుంది, ఎటు తిప్పుతుంది అన్నదే అందులోని కథ. తీయు, చేర్చు, విప్పు, మడుచు, తిప్పు, పేర్చు, కోయు వంటి క్రియల్లో తెలుగు అపార సంపన్నం.

కాబట్టి పరిభాష భారాన్ని రెండుగా పంచుకోవచ్చు. ఎంజైములు, అణువుల పేర్లు ప్రపంచవ్యాప్తమైన చిరునామాలు. వాటిని అనువదించడం వల్ల విద్యార్థి ఆ చిరునామాకు దూరమవుతాడు. 'ఐసోమరేజ్', 'మిథైల్ సిట్రేట్', 'సిస్', 'ట్రాన్స్' యథాతథంగా ఉండవచ్చు. ఐసోమర్ భావనకు వివరణాత్మక పదం కావలసినచోట 'సమావయవి'ని తెచ్చుకోవచ్చు, లేదా 'అమరిక భేదం' అన్న పదబంధాన్ని వాడుకోవచ్చు. లాటిన్‌లో 'సిస్' అంటే ఇవతల, 'ట్రాన్స్' అంటే అవతల అని ఒక్కసారి చెబితే చాలు, 'రెండు కొమ్మలూ ద్విబంధానికి ఒకే పక్కన ఉంటే సిస్, చెరొక పక్కన ఉంటే ట్రాన్స్' అన్నది మరచిపోవడం కష్టం. క్రియలు మాత్రం పూర్తిగా తెలుగులో నడవాలి.

దీన్ని ఆచరణలో పెట్టి చూద్దాం. 'ఏసీఎన్–డి మిథైల్ సిట్రేట్ నుంచి నీటిని తీస్తుంది. తీశాక మిగిలిన అణువు వంకరగా ఉంటుంది, తరువాతి ఎంజైము దాన్ని పట్టుకోలేదు. పీఆర్‌పీ–ఎఫ్ అనే ఐసోమరేజ్ దాని పరమాణువుల్లో దేన్నీ పోగొట్టకుండా ద్విబంధపు అమరికను సరిచేస్తుంది. ఇప్పుడది అకోనిటేజ్ చేతికి అందుతుంది.' ఈ నాలుగు వాక్యాల్లో పేర్లు తప్ప మిగిలిన బరువంతా తెలుగు క్రియలు మోస్తున్నాయి. ఇంటర్మీడియట్ చదివిన విద్యార్థికి ఇది అందుతుంది, పరిశోధకునికి తప్పుగా తోచదు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. 'వంకర' అన్న మాట తరగతి గదికి సరిపోతుంది గాని, ద్విబంధం ఏ రెండు కార్బన్ల మధ్య ఉంది, ఏ సమూహం ఎటువైపు ఉంది అని కచ్చితంగా చెప్పవలసినచోట చాలదు. అక్కడ అంకెలు, అంతర్జాతీయ నామకరణ నియమాలు తప్పవు. క్రియాప్రధానమైన తెలుగు అర్థం చేసుకోవడానికి వాకిలి, కొలతకు ప్రత్యామ్నాయం కాదు.

9. మన నేల మీద

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితమైనదని అనుకోనక్కరలేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పాడికి పేరుపొందిన నేల. పుంగనూరు పేరుతో ప్రసిద్ధమైన పొట్టి ఆవుజాతి ఇక్కడిదే. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో దాని సంరక్షణ సాగుతోంది. ఆవు కడుపులో బాక్టీరియా మేతను పులియబెట్టినప్పుడు పుట్టే ప్రొపియోనేట్ ఆవు కాలేయానికి చేరి గ్లూకోజ్‌గా మారుతుంది. నెమరువేసే పశువులకు మేతనుంచి నేరుగా అందే గ్లూకోజ్ చాలా తక్కువ కాబట్టి పాలలోని చక్కెరకు ముఖ్య ముడిసరుకు ఇదే. ఆ దారిలో కూడా ఒక ఐసోమరేజ్ ఉంది. మిథైల్ మలోనైల్ కోఎంజైము–ఏ మ్యూటేజ్ అనే ఆ ఎంజైము పనిచేయాలంటే బి–12 విటమిన్ కావాలి, ఆ విటమిన్‌కు కోబాల్ట్ కావాలి. మేతలో కోబాల్ట్ కొరవడితే పశువు నీరసించడానికి ఇదొక కారణం. ఈ సంగతి పాడిరైతుకు చెప్పవలసి వచ్చినప్పుడు 'సాదృశ్యం' పనికిరాదు, 'అరగడం', 'అమరిక మార్చడం' పనికివస్తాయి.

మదనపల్లె దగ్గర 1915లో రోగులకు తలుపులు తెరిచిన క్షయ ఆరోగ్యకేంద్రం వల్ల ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది. భారతదేశంలో బీసీజీ టీకా 1948లో తొలిగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయ బాక్టీరియా మనిషి కణాల్లోని కొలెస్టరాల్‌ను తిని బతకగలదు. ఆ తిండినుంచి దానికి మిగిలే ప్రొపియోనేట్ భాగాన్ని అరిగించుకోవడానికి మిథైల్ సిట్రేట్ వలయం, మిథైల్ మలోనైల్ మార్గం రెండూ దానికి అక్కరకొస్తాయి. దాని అరుగుదలను అడ్డుకోగలిగితే దాన్ని ఆపవచ్చునన్న ఆలోచన ఔషధ పరిశోధనలో ఉంది. 'ఆరోగ్యవరం' కల్పిత పదమే. అది నిఘంటువు వల్ల బతకలేదు. బండి దిగిన రోగి, ఉత్తరం రాసిన బంధువు, దారి చూపిన ఊరివాడు వాడితే బతికింది. పదకల్పనకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఐసోమర్ భావనకు 'సాదృశ్యం' అన్న పదం ఉపమాన్యాయాన్ని అనుసరించింది, అనుసరించవలసింది భాగాల సమానత్వాన్ని. ఆ పదం సామాన్యార్థంలో సజీవంగా ఉన్నందువల్ల రూఢి దాన్ని కాపాడలేకపోతున్నది. 'విచ్ఛిన్నం' మిథైల్ సిట్రేట్ వలయంలోని కూర్పును దాచేస్తుంది, 'అరుగుదల' దాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. పేర్లను అంతర్జాతీయంగా ఉంచి క్రియలను తెలుగులో నడపడం మేలైన మార్గం.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐసర్ పరస్పరం కూతవేటు దూరంలోనో, ఒక బస్సు ప్రయాణంలోనో ఉన్నాయి. ఉపమను బోధించేవారు, శబ్దశక్తిని చర్చించేవారు, ఎంజైములను పరిశోధించేవారు, పశువులకు వైద్యం చేసేవారు ఒకే పట్టణం పరిసరాల్లో ఉన్నారు. ఒక్కో పదాన్ని ఒక్కో వాక్యంలో పెట్టి ఈ నలుగురూ కలిసి పరీక్షించే ఏర్పాటు జరగాలి. తెలుగు శాఖల పరిశోధక విద్యార్థులు పరిభాషను పదపట్టికల సేకరణగా కాక వాక్యపరీక్షగా చేపడితే అందులో సిద్ధాంత గ్రంథాలకు సరిపడే విషయం ఉంది. ఈ వ్యాసం పరీక్షించింది రెండు పదాలనే. క్షేత్ర సాదృశ్యం, అధస్థ పదార్థం వంటివి ఇదే పరీక్షకు ఎదురుచూస్తున్నాయి.